అమ్మ ఎక్కిన రైలు మా స్టేషన్‌లో ఆగలేదు! జపాన్‌లో మీ ప్రయాణాల కబుర్లు కూడా చెప్పండి

గోదారి_గట్టు (నిషికసాయి, తోక్యో) | ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. నిన్న జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

అమ్మ భీమవరం నుంచి వచ్చి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం అమ్మ, నేను, పాప కలిసి ఓతెమాచి నుంచి తోజై లైన్‌లో ఇంటికి వస్తున్నాం. తోయోచో వచ్చాక పైన బోర్డు చూస్తే అది కైసోకు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మామూలు బండి ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, కైసోకు మాత్రం తోయోచో దాటాక మినామి సునమాచి, నిషికసాయి, కసాయి మూడింటినీ వదిలేసి సరాసరి ఉరాయసులోనే ఆగుతుంది. పాప చంకలో ఉంది, భుజాన సంచి ఉంది, "అమ్మా దిగు దిగు" అంటూ దిగిపోయాను. అమ్మ నా వెనకే వస్తోందనుకున్నాను. కానీ వెనక ఒక జపాన్ ముసలావిడ దిగుతుంటే "పెద్దావిడ, ముందు ఆవిణ్ణి దిగనీ" అని అమ్మ పక్కకి జరిగి దారిచ్చిందట. ఆవిడ దిగింది. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అమ్మ, ఇవతల నేను. అమ్మ నాకు చెయ్యి ఊపింది కూడా!

అమ్మ దగ్గర ఇక్కడి సిమ్ లేదు, ఇంగ్లీషు రాదు, జపనీస్ అసలే రాదు. పరిగెత్తుకెళ్ళి స్టేషన్ ఉద్యోగికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా కంగారుపడలేదు. ఎన్నో పెట్టె, ఎన్నో తలుపు, వయసెంత, ఏం బట్టలు కట్టుకున్నారు అని వరసగా అడిగారు. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు అని చెప్పాలి. చీర అంటే ఆయనకి అర్థం కాలేదు, నేను చేతులతో కుచ్చిళ్ళు పోసి చూపించాను. ఆయన తలూపి ఫోన్‌లో ఉరాయసు వాళ్ళకి "ఆకుపచ్చ ఇండియా కిమోనో" అని చెప్పారు.

తర్వాతి బండిలో నేను ఉరాయసు చేరేసరికి అమ్మ ప్లాట్‌ఫాం మీద బెంచీలో నింపాదిగా కూర్చుని ఉంది. పక్కనే ఇరవై ఇరవై రెండేళ్ళ కుర్రాడు, యూనిఫాంలో, నిటారుగా నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో, మన గుళ్ళో ప్రసాదం పట్టుకున్నట్టు, ఒక జంతిక పట్టుకుని! అమ్మ సంచిలోంచి తీసిచ్చిందన్నమాట. నన్ను చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, "పాపం ఎంతసేపట్నించో తినమంటున్నానురా, మొహమాటపడుతున్నాడు."

డ్యూటీలో తినకూడదేమో అన్నాను. ఆ కుర్రాడు వంగి నమస్కారం పెట్టాడు, అమ్మ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది, అతను ఇంకా కిందకి వంగాడు, అమ్మ మళ్ళీ పెట్టింది. ఎవరు ముందు ఆపాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి పాప నవ్వితే ఆపారు.

దారిలో అడిగాను, భయమేయలేదా అని. "రెండు నదులు దాటించారు కదరా, మొదటిది బాగా వెడల్పుంది, చూస్తూ కూర్చున్నా" అంది. మొదటిది అరకవా, రెండోది పాత ఎదోగవా. ఇన్నేళ్ళుగా ఆ దారిలో తిరుగుతూ రెండో నది ఉందని నేను గమనించనే లేదు.

మీ అనుభవాలు కూడా రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను.

---

చింతచిగురు (కసాయి) | ఆదివారం

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ జంతిక పట్టుకున్న పిల్లాడు నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

మాది మీ పక్క స్టేషనే. మా బాబు ముద్దు పేరు నాని. జపనీస్‌లో "నాని" అంటే "ఏమిటి" అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వాడికి నాలుగేళ్ళప్పుడు ప్లాట్‌ఫాం మీద చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. నేను గొంతెత్తి "నానీ! నానీ!" అని అరిచాను. పిల్లాడు తప్ప ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళందరూ ఆగారు. అందరికీ వినిపించింది ఏమిటంటే, ఒక విదేశీ ఆడమనిషి ఏదో చూసి "ఏమిటీ! ఏమిటీ!" అని కేకలేస్తోందని. ఇద్దరు ముగ్గురు నేను చూస్తున్న వైపు తిరిగి చూశారు, ఒక తాతగారు దగ్గరికొచ్చి ఆయన కూడా "నాని? నాని?" అని అడిగారు. నేను బాబుని చూపించి "నాని" అన్నాను. ఆయన బాబుని చూసి, నన్ను చూసి, మళ్ళీ "నాని?" అన్నారు. ఈలోగా ఒకమ్మాయి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించింది.

వాడిప్పుడు రెండో తరగతి. స్కూల్లో పరిచయం చేసుకునేటప్పుడు అసలు పేరే చెప్తాడు, కానీ దగ్గరి స్నేహితులకి మాత్రం ఈ రహస్యం చెప్పాడట. వాళ్ళు ఇంటికి వస్తే "నాని, నాని దెసు కా?" అని ఒకటే నవ్వు.

---

ఓరుగల్లు_పోరడు (కవసాకి) | ఆదివారం

అక్కా, మీది నాని అయితే మాది "ఒరే".

జపనీస్‌లో మగవాళ్ళు దోస్తుల మధ్య "నేను" అనడానికి "ఒరే" అంటరు. కొంచెం మొరటు మాట, ఆఫీసుల పెద్దవాళ్ళ ముందర అనరు. నాకు తెల్వదు. మేం నలుగురం ఒకే టీమ్‌ల పనిచేస్తున్నం, పొద్దంతా "ఒరే ఇటు రా", "ఒరే ఆ ఫైలు పంపు" ఇదే నడుస్తది. ఆర్నెల్ల తర్వాత మా సీనియర్ ఒకాయన నన్ను కాఫీకి పిలిచి చాలా మెల్లగ అడిగిండు, ఏమీ అనుకోవద్దు, మీ భాషలో ప్రతి వాక్యం "నేను, నేను" అనే మొదలవుతుందా అని. మేం నలుగురం ఎప్పుడు చూసినా ఎవరి గురించి వాళ్ళే గట్టిగ చెప్పుకుంటున్నమని, ఇంకొకరు చెప్పేది ఎవరూ వింటలేరని టీమ్ మొత్తం అనుకుంటున్నరట!

అర్థం చెప్పిన. మరుసటి రోజు పొద్దున ఆయనే మా వాడి దగ్గరికి వచ్చి "ఒరే!" అని పిలిచిండు. ఆ రోజు మాకు పండగే.

ఇంకో సంగతి, జపనీస్ అనగానే చాలామంది టెన్షన్ పడతరు, కానీ వాక్యం మన వాక్యమే. "తోక్యోకి వెళ్తా" అంటే "తోక్యో ని ఇకు", మన "కి" ఉన్న చోట వాళ్ళ "ని". "వస్తానని చెప్పాడు"ల మన "అని" ఎక్కడుంటదో వాళ్ళ "తో" అక్కడే. క్రియ చివరికే వస్తది. తిని, తాగి, పడుకుని అని మనం ఎట్ల గొలుసు కడతమో వాళ్ళూ అట్లనే కడతరు. ఇంగ్లీషుల ఆలోచించి జపనీస్‌లకు మార్చకండి, తెలుగుల ఆలోచించండి. నాకు రైల్ల పోతూ వస్తూ ఏడాదిల మాట్లాడే అంత వచ్చింది.

---

నాగోయా_నేస్తం | ఆదివారం రాత్రి

ఎస్కలేటర్ గురించి ఎవరూ రాయలేదేంటి! తోక్యోలో ఎడమ పక్క నిలబడి కుడి పక్క నడిచేవాళ్ళకి వదలాలి. ఒసాకా వెళ్తే తిరకాసు, అక్కడ కుడి పక్క నిలబడతారు. నేను తోక్యోలో రెండేళ్ళుండి ఆఫీసు పని మీద షిన్ ఒసాకాలో దిగి, అలవాటుగా ఎడమ పక్క నిలబడ్డాను. వెనక పెద్ద వరస. ఒక్కరూ ఏమీ అనలేదు, పైకి చేరేదాకా అందరూ నా వెనక ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత నాగోయా వచ్చాను, ఇక్కడ 2023 అక్టోబరు నుంచి ఎస్కలేటర్ మీద నడవకుండా నిలబడాలని నగరం నిబంధనే పెట్టింది, రెండు పక్కలా నిలబడొచ్చు. నాకు ప్రాణం సుఖంగా ఉంది.

ట్యాక్సీ తలుపు సంగతి మీ అందరికీ తెలిసే ఉంటుంది, డ్రైవరే మీట నొక్కి తెరుస్తారు, ఆయనే మూస్తారు. మా నాన్నగారు వచ్చినప్పుడు దిగిన ప్రతిసారీ మర్యాదగా తలుపు వేసేవారు, డ్రైవర్లు ఉలిక్కిపడేవారు. ఆయన ఊరు తిరిగి వెళ్ళాక విజయవాడ స్టేషన్ దగ్గర ఆటో దిగి "ఆ డ్రైవరు తలుపు వేస్తాడని ఆగాను, ఆటోకి తలుపే లేదు కదా" అని ఫోన్ చేసి చెప్పారు.

---

కొత్తగా_వచ్చాను (తోక్యో) | సోమవారం

నవ్వుకుంటూ చదివాను అందరివీ. నాకు వచ్చి రెండు నెలలే. ఒకటి అడగాలనుంది, ఇక్కడ అడగొచ్చో లేదో. రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. జనం నిలబడి ఉంటారు, అయినా నా పక్కన కూర్చోరు. మొదట్లో పట్టించుకోలేదు, ఈ మధ్య లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అదే తప్పేమో. మీకూ ఇలా అవుతుందా?

---

పాత_కాపు (సైతామా) | సోమవారం

ఇక్కడ అడగడానికే కదా మనమున్నాం. అవుతుంది తమ్ముడూ. నేను 2003లో వచ్చాను, అప్పుడు ఇంకా ఎక్కువగా ఉండేది. నా జపనీస్ స్నేహితుణ్ణి అడిగితే, విదేశీయుడు ఏదైనా అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పలేక పరువు పోతుందని చాలామందికి భయం అన్నాడు. అది కొంతవరకు నిజమని నా అనుభవం. నేను జపనీస్ పేపరు తెరిచి చదువుతూ కూర్చున్న రోజుల్లో పక్క సీటు త్వరగా నిండేది.

మనవైపు నుంచి కూడా ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఇక్కడ రైల్లో ఫోన్ మాట్లాడరు. మనవాళ్ళు ఊరికి వీడియో కాల్ చేసి పెట్టె అంతా వినపడేలా మాట్లాడతారు. దయచేసి అది మానండి. దిగాక మాట్లాడుకోవచ్చు.

సమయం మీద వీళ్ళ పట్టింపు మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురమే. 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ బండి ఒకటి 9:44:40కి బయల్దేరాల్సింది 9:44:20కే బయల్దేరిందని కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆలస్యానికి కాదు, 20 సెకన్లు ముందు వెళ్ళినందుకు! రైలు ఆలస్యమైతే స్టేషన్‌లో కాగితం ఇస్తారు, ఆఫీసులో చూపించుకోవచ్చు. మొదటిసారి అది తీసుకున్నప్పుడు ఫొటో తీసి ఖాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మా మామయ్యకి పంపాను. ఆయన దాన్ని ప్రింటు తీయించి పాత సహోద్యోగులందరికీ చూపించారు.

---

ఒసాకా_అక్క | సోమవారం రాత్రి

పాత కాపు గారూ, ఫోన్ విషయంలో మీతో ఏకీభవిస్తా. సీటు విషయంలో మాత్రం కాదు. ఇంగ్లీషు భయం అందరికీ ఉండదు, కొందరికి మన రంగు చూసే దూరం. అది బాధగానే ఉంటుంది, బాధ అని ఒప్పుకోవడంలో తప్పు లేదు. తమ్ముడూ, నువ్వు లెక్కపెట్టడం తప్పేమీ కాదు. కాకపోతే కూర్చున్నవాళ్ళని కూడా లెక్కపెట్టు.

వీలైతే ఒకసారి ఒసాకా రా. ఇక్కడి పెద్దవాళ్ళ సంచుల్లో ఎప్పుడూ చాక్లెట్లు, బిళ్ళలు ఉంటాయి, వాటిని ముద్దుగా "అమే చాన్" అంటారు. పక్కన కూర్చోవడమే కాదు, చేతిలో బిళ్ళ పెట్టి ఏ ఊరు, పెళ్ళైందా, ఎంతమంది పిల్లలు అని అడుగుతారు, అచ్చం మన పల్లెవెలుగు బస్సులోలాగే. నేను కడుపుతో ఉన్నప్పుడు రోజూ ఒకే బండిలో వచ్చే ఒకావిడ ఉమెబోషి తెచ్చి ఇచ్చింది. ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ, నోట్లో పెట్టుకోగానే మా అమ్మమ్మ జాడీ గుర్తొచ్చి అక్కడే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆవిడ అది ఉప్పు ఎక్కువై వచ్చిందనుకుని మర్నాడు తేనె వేసినవి తెచ్చింది!

---

చింతచిగురు | మంగళవారం

అక్కా, ఆ తేనె సంగతి అద్భుతం.

మాటల వేట ఎలాగూ మొదలైంది కాబట్టి ఇంకొకటి. శరదృతువులో మా అత్తగారు వచ్చారు. స్టేషన్ కింద పళ్ళ కొట్టు అబ్బాయి "కాకి! కాకి!" అని అరుస్తున్నాడు. ఈవిడ అప్పటికే తోక్యో కాకుల్ని చూసి ఉన్నారు, మన కాకుల కంటే బాగా పెద్దవి, చెత్త మీద వల కప్పకపోతే చిందరవందర చేసేస్తాయి. "ఇక్కడ వాటిని కూడా తింటారటే" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను, నారింజ రంగులో టమాటా లాంటి పండు. కాకి అంటే అదే. తిన్నాక ఆవిడకి ఎంత నచ్చిందంటే రోజూ "రెండు కాకులు పట్రా" అనేవారు.

---

గోదారి_గట్టు | మంగళవారం రాత్రి

అన్నీ చదివి వినిపించాను. కాకుల దగ్గర అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది, ఉమెబోషి దగ్గర కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన వారం అమ్మని మొన్‌జెన్ నకచోలో ఫుకగవా ఫుదోదో గుడికి తీసుకెళ్ళాను. అక్కడ రోజూ కొన్ని వేళల్లో "గోమా" చేస్తారు. పెద్ద పెద్ద ఢంకాలు మోగుతుంటే మధ్యలో సమిధలు వేసి అగ్ని వెలిగిస్తారు. గోమా అనే మాట మన "హోమం" నుంచే వచ్చింది, అక్కడి దేవుడు ఫుదో అంటే సంస్కృతంలో అచలుడు. కొత్త మందిరం గోడల నిండా సంస్కృత బీజాక్షరాలు. అమ్మ అప్పట్నించీ అదే ధ్యాస. ఇవాళ అంది, "గురువారం నేనొక్కదాన్నే వెళ్ళొస్తా. నాలుగు స్టేషన్లే కదా." నాకు సెలవు లేదు, మా ఆవిడకీ లేదు. మీరైతే పంపుతారా?

---

పాత_కాపు | మంగళవారం రాత్రి

పంపండి. వెళ్ళేటప్పుడు పొరపాటుకి తావే లేదు, నిషికసాయిలో కైసోకు ఆగదు కాబట్టి ఏ బండి ఎక్కినా మొన్‌జెన్ నకచోలో ఆగుతుంది. తిరిగొచ్చేటప్పుడే జాగ్రత్త. పేర్లు గుర్తుపెట్టుకోమనకండి, నంబర్లు చాలు. ప్రతి స్టేషన్ బోర్డు మీద ఆకాశనీలం గుండ్రం, లోపల ఇంగ్లీషు టీ అక్షరం, అంకె ఉంటాయి. మొన్‌జెన్ నకచో 12, మీ స్టేషన్ 16. 14 దాటాక 15 రాకుండా బండి నది ఎక్కిందంటే అది కైసోకు. అప్పుడు కంగారుపడకుండా 18లో దిగి అక్కడే కూర్చోమనండి. వెనక్కి వచ్చే కైసోకు కూడా మీ స్టేషన్‌లో ఆగదు, కాబట్టి తనంతట తను ఎదురు బండి ఎక్కొద్దని మరీ మరీ చెప్పండి. ఒక లోకల్ సిమ్ తప్పకుండా కొనండి.

---

ఓరుగల్లు_పోరడు | బుధవారం

చిన్న అట్ట ముక్క మీద జపనీస్‌ల రాసి ఇయ్యండి అన్నా: "నేను నిషికసాయికి పోవాలె. ఈ బండి అక్కడ ఆగుతదా?" అని. కింద మీ నంబర్. అమ్మకు ఒక్క మాట నేర్పండి, "జూరోకు" అంటే 16. చాలు.

---

ఒసాకా_అక్క | బుధవారం

తల ఊపడం సంగతి కూడా చెప్పండి! మనం సరే అన్నప్పుడు తల పక్కకి ఊపుతాం కదా, ఇక్కడ తల పక్కకి వంచితే అనుమానంగా ఉందని, నమ్మకం లేదని అర్థం. నిలువుగా ఊపమనండి. మా అమ్మతో ఇదే గొడవ, దారి చెప్పినవాళ్ళు ఆవిడ తల చూసి, అర్థం కాలేదనుకుని, మూడేసి సార్లు మొదటి నుంచి చెప్పేవాళ్ళు.

---

గోదారి_గట్టు | గురువారం రాత్రి

వెళ్ళొచ్చింది!

మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా గుడి నుంచి ఫోన్ చేసింది, వెనక ఢంకాలు మోగుతున్నాయి, ఒక్క ముక్క వినపడలేదు, గొంతు మాత్రం సంతోషంగా ఉంది. తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫాం మీద ఒకావిడకి అట్ట చూపించిందట. ఆవిడ వచ్చిన బండి చూసి కాదన్నట్టు చేతులు అడ్డంగా పెట్టింది. తర్వాతి బండికి అవునంది. అమ్మ అలవాటుగా తల పక్కకి ఊపింది. అంతే, ఈవిడకి నమ్మకం కుదరలేదనుకుని ఆవిడ తన ఫోన్‌లో పటం తీసి 12 నుంచి 16 దాకా ఒక్కొక్క స్టేషన్ మీద వేలు పెట్టి చదివింది. అమ్మ కూడా ఆవిడతో పాటు పైకి చదివింది. ఇద్దరూ ఆ బండే ఎక్కారు, ఆవిడ 14లో దిగిపోతూ రెండు వేళ్ళు చూపించిందట, ఇంకా రెండు అని. అమ్మ ఈసారి నిలువుగా ఊపింది.

నేను ఇంటికి వచ్చేసరికి వంటింట్లో నూనె వాసన. ఇక్కడి బియ్యప్పిండి, ఇండియన్ కొట్లో తెచ్చిన శనగపిండి, వాము. జంతికలు. మూడు వాయిలు అప్పటికే అయ్యాయి. ఇన్నెందుకమ్మా అన్నాను.

"ఆ పిల్లాడు ఆ రోజు తినలేదు కదరా. డ్యూటీ అయ్యాక తింటాడు, డబ్బాలో పెట్టి ఇద్దాం. ఆదివారం మనం ఆ ఆగని బండే ఎక్కుదాం."

---

చింతచిగురు | గురువారం రాత్రి

ఆదివారం ఎన్నింటికి ఎక్కుతున్నారు? మా నాని కూడా వస్తానంటున్నాడు, ఆ అన్నయ్యకి జంతిక అంటే ఏమిటో జపనీస్‌లో వాడు చెప్తాడట.